సముద్రం ఊళ్ళని వదిలేసి పోతోందా, ఊళ్ళ మీదికొస్తోందా? ఏదీ అర్థం కావట్లే

పటాల_పిచ్చోడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నిద్ర పట్టనప్పుడు శాటిలైట్ మ్యాపులు తిప్పుతూ కూర్చోవడం నాకున్న ఒక వ్యసనం, దాంట్లోంచి పుట్టిన డౌట్ ఇది, తిక్క ప్రశ్న అనిపిస్తే క్షమించండి. టర్కీలో ఎఫెసస్ ఉంది కదా, రోమన్ల కాలంలో పెద్ద రేవుపట్నం, ఇప్పుడు ఆ శిథిలాల దగ్గర్నుంచి సముద్రం చేరాలంటే కొన్ని కిలోమీటర్లు పొలాల్లో పడి పోవాలి. రోమ్‌కి రేవుగా ఉన్న ఓస్టియా కూడా అంతే, ఒడ్డు ఎక్కడో దూరంగా ఉంది. బెల్జియంలో బ్రూజ్ అయితే ఒకప్పుడు ఉత్తర యూరప్ మొత్తానికి బజారు, ఇప్పుడు చుట్టూ నేలే. సరే సముద్రం వెనక్కి పోయిందిలే అనుకుంటే, ఇటు జకార్తా మునిగిపోతోంది రాజధానే మార్చేస్తున్నాం అంటున్నారు, వెనిస్‌లో ఏకంగా సముద్రానికి గేట్లు పెట్టారు. నీళ్ళన్నీ కలిసే కదా ఉండేది, మరి ఒక ఊరికి దూరం జరిగి ఇంకో ఊరి మీదికి ఎలా వస్తుందండీ?

ఇంకోటి, దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు. పాత బొమ్మల్లో లండన్, న్యూయార్క్ చూస్తే ఊరి నడిబొడ్డున తెరచాప కొయ్యలు అడివిలా ఉంటాయి. ఇప్పుడు అదే చోట ఆఫీసులు, అద్దాల బిల్డింగులు. సముద్ర వ్యాపారం అప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగింది కదా, ఆ ఓడలన్నీ ఎటు పోయాయి? తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి, లింకులు పడేసి పోకండి ప్లీజ్.

ఒండ్రుమట్టి

తిక్క ప్రశ్న ఏం కాదండీ, నిజానికి మంచి చోటే పట్టుకున్నారు. మీరు చెప్పిన ఊళ్ళలో ఎక్కువ శాతం సముద్రం కదల్లేదు, నేలే కదిలింది. ప్రపంచం మొత్తం మీద సగటు సముద్ర మట్టం 1901 నుంచి 2018 దాకా పెరిగింది దాదాపు 20 సెంటీమీటర్లు. అది చిన్న విషయం అని కాదు గానీ, ఒక రేవు కిలోమీటర్ల కొద్దీ లోపలికి పోవడానికీ ఇంకో ఊరు మన కళ్ళ ముందే కుంగిపోవడానికీ అదొక్కటే కారణం అంటే కుదరదు.

పాతకాలం రేవులు ఎక్కువగా నది మొగల దగ్గరే పుట్టాయి. అలల దెబ్బ తగలదు, తాగడానికి నీళ్ళుంటాయి, లోపలి ప్రాంతాల సరుకు పడవల మీద దిగుతుంది. కానీ ఆ నదే పై నుంచి ఒండ్రు కూడా తెస్తుంది కదా. కొండల మీద అడివి కొట్టి సాగు మొదలుపెట్టేకొద్దీ మట్టి ఇంకా ఎక్కువ దిగుతుంది, అంటే ఊరు బాగుపడేకొద్దీ దాని రేవు పూడిపోతుంది. ఎఫెసస్ కథ అదే. అక్కడ ఇంకో తమాషా ఉంది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో పెర్గామం రాజు రెండో అట్టాలస్, రేవు ముఖద్వారం ఇరుకు చేస్తే లోపల లోతు పెరుగుతుంది, పెద్ద ఓడలు రావచ్చు అనుకుని అడ్డంగా కట్ట వేయించాడట. అయింది ఏంటంటే అంతవరకూ ఆటుపోట్లకి కొట్టుకుపోయే మట్టి బయటికి పోయే దారి లేక లోపలే ఆగిపోయింది, రేవు ఇంకా త్వరగా పూడింది. స్ట్రాబో అనే పాతకాలం గ్రీకు భూగోళ రచయిత రాసిపెట్టాడు ఈ సంగతి. అంటే సముద్రం పక్కన ఇంజినీరింగ్ ఎదురుతన్నడం ఈనాటిది కాదు.

బ్రూజ్ ఇంకా విచిత్రం. 1134లో ఒక పెద్ద తుఫాను వచ్చి ఊరి వైపుకి జ్విన్ అనే కాలవలాంటి పాయ తెరిచింది, ఆ దారిలోనే ఊరు కోటీశ్వరి అయిపోయింది. తర్వాత జనం ఏం చేశారంటే ఆ పాయకి అటూఇటూ ఉన్న బురద నేలలకి గట్లు వేసి పొలాలు చేసుకున్నారు. పోటు వచ్చినప్పుడు నీళ్ళు పరుచుకునే చోటు తగ్గింది, కాబట్టి పాయలోకి వచ్చిపోయే నీళ్ళూ తగ్గాయి, ఆ నీళ్ళ విసురే కదా అడుగున మట్టిని కడిగేది, అది తగ్గేసరికి పాయ పూడిపోయింది. ముందు సరుకు దమ్మె అనే చిన్న రేవులో దింపేవాళ్ళు, తర్వాత ఇంకా కిందికి స్లూయిస్‌లో, చివరికి వ్యాపారులు మూటాముల్లె సర్దుకుని ఆంట్‌వెర్ప్‌కి పోయారు. బ్రూజ్‌కి మళ్ళీ సముద్రపు రేవు దక్కింది జేబ్రూగె కట్టాకే, అది 1907లో.

వెనిస్ వాళ్ళు ఈ ముప్పు ముందే పసిగట్టి, లగూన్‌లోకి (ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి కయ్య అది) వచ్చే బ్రెంటా, పియావె లాంటి నదుల్నే తవ్వి పక్కకి మళ్ళించేశారు, కొన్ని శతాబ్దాల పని అది. మట్టి రావడం ఆగింది, లగూన్ బతికింది. కానీ ఇప్పుడు మట్టి లేకే లగూన్ అడుగు కోసుకుపోతోంది, బురద మడులు తగ్గిపోతున్నాయి. ఎక్కువైనా గొడవే, తక్కువైనా గొడవే.

లంగరు

రెండో ప్రశ్న నాకు వదిలేయండి, ఓడల మీదే బతుకుతున్నవాణ్ణి.

ఓడలు ఎటూ పోలేదు బ్రో, సరుకు పెట్టెల్లో పడింది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే ట్రక్కుల వ్యాపారి ఐడియల్ ఎక్స్ అనే పాత ట్యాంకర్ మీద 58 పెద్ద పెట్టెలు, అంటే కంటైనర్లు పెట్టి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. అప్పటిదాకా బస్తాలు, పీపాలు, కట్టలు అన్నీ విడివిడిగా హమాలీలు మోయాలి, టన్నుకి 5.86 డాలర్లు అయ్యే లోడింగ్ ఖర్చు ఆ పెట్టెలతో 16 సెంట్లకి పడిపోయిందని లెక్క చెప్తారు. ఇక మిగతాది ఎవడాపుతాడు.

ఇప్పుడు ఊరికీ దానికీ సంబంధం ఏంటంటే, పాత రకం సరుకుకి కావాల్సింది మనుషులు, వేల మంది. వాళ్ళు రేవు పక్కనే ఉండాలి, వాళ్ళ ఇళ్ళు, గోడౌన్లు, తాగే చోట్లు, బ్యాంకులు, ఇన్సూరెన్స్ ఆఫీసులు అన్నీ నడిచిపోయే దూరంలో ఉండాలి, అందుకే సిటీ, పోర్టు ఒకదాన్నొకటి అతుక్కుని పెరిగాయి. పెట్టెకి మనిషి అక్కర్లేదు, దానికి కావాల్సింది లోతైన నీళ్ళు, వందల ఎకరాల చదును నేల, రైలూ హైవేలూ. అవి మన్‌హాటన్‌లో ఎక్కడ దొరుకుతాయి? అందుకే నది దాటి న్యూజెర్సీలోని పోర్ట్ ఎలిజబెత్‌కి పోయాయి. లండన్‌లో ఊరి మధ్య డాకులు 1960ల చివర్నుంచి ఒక్కోటి మూతపడుతూ వచ్చి 1981కి రాయల్ డాక్స్ కూడా మూసేశారు, వ్యాపారం టిల్బరీకి, ఫీలిక్స్‌టోకి పోయింది, ఖాళీ అయిన చోటే కానరీ వార్ఫ్ టవర్లు లేచాయి. మీరు చూసిన అద్దాల బిల్డింగులు అవే.

రోటర్‌డ్యామ్ చెప్తా చూడండి. పేరుకి రోటర్‌డ్యామ్ పోర్టే, కానీ మా ఓడ ఆగేది మాస్‌ఫ్లాక్టెలో, అది సముద్రంలోకి ఇసుక పోసి కట్టిన నేల, ఊరి సెంటర్‌కి దాదాపు 40 కిలోమీటర్లు. ఆగడం కూడా ఎంతసేపు, ఒక రోజు, మహా అయితే రోజున్నర. క్రేన్ల దగ్గర మనుషులు కనబడరు, పెట్టెల్ని మోసే బండ్లకి డ్రైవర్లు ఉండరు, రాత్రంతా పసుపు లైట్లలో వాటంతటవే తిరుగుతుంటాయి. నా డ్యూటీ అయ్యేసరికి తాళ్ళు విప్పే టైమ్. మా ముందు తరం వాళ్ళు రేవులో వారాలు వారాలు ఉండేవాళ్ళు, ఊరి వీధులు, అక్కడి మనుషులు, భాష నాలుగు ముక్కలు, అన్నీ తెలిసేవి వాళ్ళకి. నాకు తెలిసింది గేటు, షటిల్ బస్సు, నావికుల కోసం నడిపే ఒక గదిలో వైఫై. ఊరివాళ్ళకి ఓడ కనబడట్లేదని మీరంటున్నారు గానీ, ఓడ మీదున్నవాడికీ ఊరు కనబడట్లేదు.

పటాల_పిచ్చోడు

ఒండ్రుమట్టి గారూ, లంగరు అన్నా, ఇద్దరికీ దణ్ణం. బ్రూజ్ వాళ్ళు పొలాల కోసం గట్లు వేసి రేవుని పోగొట్టుకున్నారన్నది నాకు అస్సలు తట్టలేదు. మరి జకార్తా సంగతి? అక్కడా నదులున్నాయిగా, పదమూడు నదులంటారు, మట్టి వస్తుందిగా, మరి నేల పెరగాలి కదా, తగ్గుతోందేంటి?

బోరుబావి_బాబాయ్

దానికి జవాబు నీ కాళ్ళ కింద ఉంది తమ్మీ, బోర్లు. జకార్తాల పైపు నీళ్ళు అందరికీ అందలే, అందుకని ఇండ్లు, హోటళ్ళు, ఫ్యాక్టరీలు, మాల్స్ ఎవరికి దొరికిన లోతుకి వాళ్ళు బోర్లు దించి తోడిండ్రు. డెల్టా నేలంటే ఏంది, బంకమట్టి పొర, ఇసుక పొర, మళ్ళ బంకమట్టి. ఇసుకల నీళ్ళు గుంజితే పక్కన బంకమట్టిలున్న నీళ్ళు దాంట్లకి ఊరుతయి, బంకమట్టి నొక్కుకపోతది. స్పాంజ్ పిండితే మళ్ళ నీళ్ళల్ల ఏస్తే ఉబ్బుతది గదా, ఇది అట్ల ఉబ్బది, నొక్కుకపోయిందంటే అంతే. ఉత్తర జకార్తాల కొన్ని చోట్ల 1970ల నుంచి 4 మీటర్ల దాక దిగిందని లెక్కలు, కొన్ని జాగల ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైన కూడా దిగింది. సముద్రం పెరిగేది ఎంత? 2006 నుంచి 2018 మధ్యల ఏడాదికి సగటున 3.7 మిల్లీమీటర్లు. సెంటీమీటర్లకీ మిల్లీమీటర్లకీ పోలికెక్కడ. పైగా మట్టి రావాలె అన్నవ్ గదా, నదులకి కాంక్రీటు కట్టలు కట్టినంక మట్టి నేల మీద పరుసుకునేదెట్ల, డైరెక్ట్ సముద్రంల పడ్తది. డెల్టా పుట్టుకతోనే కొంచెం కొంచెం కుంగుతనే ఉంటది, వరద మట్టితో మళ్ళ నిండుతది. నింపేది బంద్ చేసి తోడేది షురూ చేస్తే ఇగ కిందికే.

అయితే ఇది ఆగని రోగం కాదు, దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు కోపం అక్కడనే. టోక్యో చూడు. కోతో అనే వార్డుల నేల మొత్తం మీద 4 మీటర్లకు పైన దిగింది, ఫ్యాక్టరీలు నీళ్ళు తోడి తోడి. యుద్ధం చివర్ల బాంబులు పడి ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు నేల దిగుడు కూడా ఆగింది, యుద్ధం అయినంక ఫ్యాక్టరీలు తెరవంగనే మళ్ళ మొదలైంది, ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలె. 1956ల ఇండస్ట్రీల బోర్ల మీద చట్టం తెచ్చిండ్రు, 1962ల పెద్ద బిల్డింగుల మీద ఇంకోటి, నది నీళ్ళు పైపులల్ల ఇచ్చిండ్రు, 1970లు దాటేసరికి చాలామట్టుకు ఆగింది. దిగినది పైకి రాలే, ఆ వార్డుల ఇప్పటికీ పెద్ద పోటు మట్టం కంటె కింద ఉన్న జాగలు ఉన్నయి, కట్టలూ పంపులూ ఉండాల్సిందే. కానీ ఇంకా దిగుడైతే ఆగింది.

ఇగ నవ్వొచ్చే ముచ్చట. భూమిల నీళ్ళు మళ్ళ పైకి వచ్చినంక టోక్యోల అండర్‌గ్రౌండ్ స్టేషన్లు తేలుడు మొదలైంది. నీళ్ళు తక్కువున్నప్పుడు కట్టిండ్రు గదా, నీళ్ళు పెరిగి కిందికెళ్ళి పైకి నెడుతుంటే, ఉఎనో స్టేషన్ కింద వేల టన్నుల ఇనుము బరువులు పెట్టిండ్రు, టోక్యో స్టేషన్ల యాంకర్లు కొట్టి నేలకి బిగించిండ్రు. గట్లుంటది.

ఇంకొకటి మర్చిపోవద్దు, ఒడ్డున బోర్లు తోడితే నేల దిగుడే కాదు, ఉప్పు ఎక్కుతది. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు, అందుకని ఒడ్డు దగ్గర భూమిల మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతుంటయి. సముద్ర మట్టం మీద ఒక మీటరు మంచినీళ్ళు నిలబడి ఉంటే కింద సుమారు 40 మీటర్ల దాక మంచినీళ్ళే అని పాత లెక్క. అంటే ఒక్క మీటరు తోడేస్తే కిందికెళ్ళి ఉప్పు నలభై మీటర్లు పైకొస్తది, వెంటనే కాదు గానీ నిదానంగ వస్తది. వచ్చినంక దాన్ని ఎల్లగొట్టుడు తరాల పని.

చెరువుగట్టు

ఇదంతా ఎందుకు, గోడ కట్టుకుంటే అయిపోయె కదా. డచ్చోళ్ళు కట్టుకోలేదా? వాళ్ళ దేశంలో నాలుగో వంతు సముద్ర మట్టం కిందే ఉంది, హాయిగా సైకిళ్ళు తొక్కుకుంటున్నారు.

కొలతబద్ద

@చెరువుగట్టు హాయిగా అనకండి సార్, 1953లో ఒక్క రాత్రి ఉప్పెనకి అక్కడ 1,836 మంది పోయారు, ఆ తర్వాతే ఆ స్థాయి కట్టడాలు. రోటర్‌డ్యామ్ దగ్గర నదికి అడ్డంగా వేసే మాస్లాంట్ గేట్లు 1997లో అయ్యాయి, ఒక్కో రెక్క 210 మీటర్ల పొడుగు 22 మీటర్ల ఎత్తు, మామూలు రోజుల్లో ఒడ్డున పడుకుని ఉంటాయి, నీటి మట్టం 3 మీటర్లు దాటుతుందని కంప్యూటర్ అంచనా వేస్తే నది మూసుకుంటుంది. వాళ్ళకి కుదిరిందంటే డబ్బు, అలవాటు, నీళ్ళ పన్ను వసూలు చేసే వ్యవస్థ వందల ఏళ్ళ నుంచి ఉండటం, ఇంకా ముఖ్యంగా ఆ నేల.

నేల సంగతి ఎందుకంటున్నానంటే మయామీ ఉంది కదా, దాని కింద ఉన్నది చిల్లులు చిల్లులుగా ఉండే సున్నపురాయి. ఎంత ఎత్తు గోడ కట్టినా నీళ్ళు కింద నుంచి ఊరి వచ్చేస్తాయి. ఎండ కాస్తుంటే, వాన చుక్క లేకుండా, పెద్ద పోటు రోజున వీధిలో డ్రెయిన్ మూతల్లోంచి సముద్రం పైకి వస్తుంది అక్కడ. ముందు ఇనప జాలీ కింద నీళ్ళు కనిపిస్తాయి, తర్వాత జాలీ మీదికి, తర్వాత రోడ్డు పక్కన పార్కింగ్‌లోకి. అది వానకాలవ, ఊరి నీళ్ళు సముద్రంలోకి పోవడానికి వేసింది, పోటులో సముద్రం దాంట్లోంచే వెనక్కి నడిచొస్తుంది.

ఇది గోడ కంటే పెద్ద సమస్య, జనం పట్టించుకోరు. ఏ తీర నగరానికైనా వాన నీళ్ళు చివరికి సముద్రంలోకే పోవాలి. పోటు టైమ్‌లో ఔట్‌ఫాల్ పైపు మూతి నీళ్ళ కింద ఉంటుంది. వెనక్కి రాకుండా ఫ్లాప్ గేటు పెడతారు, అది మూసుకుంటే సముద్రం లోపలికి రాదు, నిజమే, కానీ ఊళ్ళో పడ్డ వాన కూడా బయటికి పోదు. ముంబైలో 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్లు పడింది, అదే టైమ్‌కి పోటు కూడా వచ్చింది, ఇక నీళ్ళు ఎటు పోతాయి. గోడ కట్టామంటే లోపల పంపులు పెట్టాలి, పంపులకి కరెంటు పోకూడదు, వాన నీళ్ళు ఆగడానికి చెరువులో మడుగులో ఉండాలి, ఆ చెరువుల్ని ఎప్పుడో పూడ్చి ప్లాట్లు చేసుంటారు.

వెనిస్ గేట్లు కూడా చెప్పేస్తా. మోసె అంటారు, మూడు ముఖద్వారాల్లో 78 గేట్లు, మామూలప్పుడు అడుగున పడుకుని ఉంటాయి, వాటి లోపలికి గాలి ఎక్కిస్తే లోపలి నీళ్ళు ఖాళీ అయ్యి పైకి లేస్తాయి. 1966 నవంబర్ 4న 194 సెంటీమీటర్ల నీళ్ళు వచ్చాక మొదలైన ఆలోచన, నిజంగా వరదకి అడ్డంగా లేచింది 2020 అక్టోబర్ 3న. బ్రహ్మాండంగా పనిచేసింది, సెయింట్ మార్క్స్ చౌరస్తా పొడిగా ఉంది. అదే డిసెంబర్ 8న వాతావరణ అంచనా తక్కువ చెప్పింది, గేట్లు లేపలేదు, నీళ్ళు 138 సెంటీమీటర్ల దాకా వచ్చాయి, ఊరు మునిగింది. గేట్లకి ఏం కాలేదు, బాగానే ఉన్నాయి. అవి లేవడానికి కొన్ని గంటల ముందు ఒకరు నిర్ణయం తీసుకోవాలి, అంచనా తప్పితే ఎంత ఖరీదైన ఇనుమైనా నీళ్ళ కిందే పడుకుని ఉంటుంది. లేపిన ప్రతిసారీ ఓడలు బయట ఆగాలి, లగూన్ నీళ్ళు మారవు. సముద్ర మట్టం పెరిగేకొద్దీ లేపాల్సిన రోజులు పెరుగుతాయి, ఏదో ఒక దశలో రేవా, చౌరస్తానా అని తేల్చుకోవాల్సి వస్తుంది వాళ్ళకి.

అలల_అంచు

అందరూ నీళ్ళు ఊరి మీదికి రావడం గురించే మాట్లాడుతున్నారు, ఊరు నీళ్ళ మీదికి పోవడం గురించి ఒక్కరూ అనట్లేదేంటి?

పటాల పిచ్చోడు గారూ, మీకు పని చెప్తాను. న్యూయార్క్ మ్యాప్ తెరవండి, మన్‌హాటన్ కింది కొస. పెర్ల్ స్ట్రీట్ అని ఉంటుంది, డచ్చివాళ్ళ కాలంలో తూర్పు ఒడ్డు అదే. దాని తర్వాత నది వైపు వాటర్ స్ట్రీట్, ఫ్రంట్ స్ట్రీట్, సౌత్ స్ట్రీట్ వరసగా వస్తాయి, ఇవన్నీ చెత్త, రాళ్ళు, పాత పడవలు, మట్టి పోసి నీళ్ళలో చేసిన నేల. ఇప్పుడు 2012 అక్టోబర్ 29న శాండీ తుఫానులో మునిగిన చోట్ల మ్యాప్ దాని పక్కన పెట్టి చూడండి. చాలా చోట్ల పాత ఒడ్డు గీత దాకా వచ్చి ఆగాయి నీళ్ళు. 2009లో కొత్తగా కట్టిన సౌత్ ఫెర్రీ మెట్రో స్టేషన్ నిండా ఉప్పునీళ్ళు, మళ్ళీ తెరవడానికి 2017 అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే బంగారం కోసం సిబ్బంది వదిలేసి పోయిన ఓడల మీదే మట్టి పోసి ఊరు కట్టారు, ఇప్పటికీ పునాదులు తవ్వితే ఓడ చెక్కలు బయటపడతాయి. 1989 భూకంపంలో అదే ఊళ్ళో పూడ్చిన నేల మీదున్న మరీనా ఏరియా ఎలా దెబ్బతిందో తెలిసిందే, ఊగేసరికి తడి ఇసుక ద్రవంలా అయిపోయింది.

ఇక ఇసుక. ఒడ్డు వెంట ఇసుక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, అలలు వంకరగా తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం జరుగుతుంది. హార్బర్ కోసం సముద్రంలోకి రాళ్ళ గోడ వేస్తే ఆ నడక ఆగిపోతుంది. ఒక పక్క ఇసుక పేరుకుంటుంది, రెండో పక్కకి రావాల్సింది రాదు, అక్కడ తీరం కోసుకుపోతుంది. చెన్నై హార్బర్ గోడలు 1870ల్లో మొదలయ్యాక దక్షిణాన ఇసుక పేరుకుని మరీనా బీచ్ అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం లోపలికి వచ్చింది, ఇప్పుడక్కడ ఇసుక లేదు, బండరాళ్ళు. ఒకే గోడ, ఒక పక్కవాళ్ళకి విహారం, రెండో పక్కవాళ్ళకి ఇల్లు పోవడం. ఆ రెండో పక్క ఉండేది ఎప్పుడూ చేపలు పట్టేవాళ్ళే అవడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

వాటర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ ప్లాన్లలో వాకింగ్ ట్రాక్ ఉంటుంది, లైట్లుంటాయి, బెంచీలుంటాయి, పడవ లాగి ఒడ్డున పెట్టుకోవడానికి, వల ఆరేసుకోవడానికి చోటు మాత్రం ఉండదు. ముంబైలో కోస్టల్ రోడ్ కట్టేటప్పుడు వర్లీలో చేపలు పట్టే కోలీలు పట్టుబట్టింది దేని గురించో తెలుసా, వంతెన స్తంభాల మధ్య దూరం. డిజైన్‌లో 60 మీటర్లు పెట్టారు. కాగితం మీద అది చాలా ఎక్కువే, పడవ వెడల్పు ఎంత గనక. కానీ వర్షాకాలంలో గాలీ నీటి ప్రవాహమూ పక్కకి తోస్తుంటే పడవ నిటారుగా రాదు, అడ్డంగా జరుగుతూ వస్తుంది, ఎదురుగా ఇంకో పడవ ఉంటే ఒకటి స్తంభానికి కొట్టుకోవాల్సిందే. పని ఆపించి, చాలాకాలం కొట్లాడి, చివరికి దాన్ని 120 చేయించుకున్నారు. వాళ్ళు అడిగింది ఇంకా ఎక్కువే అనుకోండి. రోజూ ఆ నీళ్ళలోంచి వచ్చేవాళ్ళని డిజైన్‌కి ముందే ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

ఒండ్రుమట్టి

@అలల_అంచు ఇసుక విషయంలో మీతో నూటికి నూరు శాతం, కానీ నీళ్ళు పూడ్చడం అంతా తప్పే అన్నట్టు రాశారు, అక్కడ కొంచెం ఒప్పుకోలేను. సింగపూర్ స్వతంత్రం అయ్యేటప్పటికి 580 చదరపు కిలోమీటర్ల చిల్లర, ఇప్పుడు 730 దాటింది, ఆ నేల లేకపోతే ఆ పోర్టూ లేదు ఆ ఎయిర్‌పోర్టూ లేదు. 2008లో మరీనా బ్యారేజ్ కట్టి సముద్రపు కయ్యని మంచినీళ్ళ చెరువు చేసుకున్నారు, అదే వరదని కూడా ఆపుతుంది. జాగ్రత్తగా, ఎత్తుగా, గట్టి చేసి కడితే పూడ్చిన నేల పాత నేల కంటే భద్రంగా కూడా ఉంటుంది.

అలల_అంచు

ఆ ఇసుక ఎక్కణ్ణుంచి వచ్చిందండీ మరి? ఇండోనేషియా 2007లో ఇసుక ఎగుమతి ఎందుకు ఆపేసింది, కంబోడియా 2017లో ఎందుకు ఆపేసింది? ఒకరి తీరం పెరగాలంటే ఇంకొకరి నది అడుగో సముద్రం అడుగో తవ్వాలి. అక్కడ పీతలు, చేపలు పట్టుకునేవాళ్ళ పరిస్థితి ఏంటి? సింగపూర్‌కి బాగుంది, కాదనను. లెక్క మాత్రం సింగపూర్ దగ్గరే ఆపేయకండి అంటున్నా.

ఒండ్రుమట్టి

అది న్యాయమైన మాటే. దానికి నా దగ్గర జవాబు లేదు.

లంగరు

మధ్యలో ఒకటి. ఓడలు వెళ్ళిపోయాక మిగిలిన నీళ్ళని బాగా వాడుకున్న ఊళ్ళూ ఉన్నాయి, అన్నీ అపార్ట్‌మెంట్లకే పోలేదు. కోపెన్‌హేగన్‌లో రేవు నీళ్ళలోకి మురుగు పోకుండా దశాబ్దాల పాటు పైపులు, ట్యాంకులు వేసి, 2002లో ఊరి మధ్యలోనే ఈత కొట్టడానికి తెరిచారు. ఎవరైనా దూకొచ్చు, టికెట్ లేదు. ఆఫీసు బ్యాగు చెక్క మీద పెట్టి దూకేస్తారు జనం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒడ్డుకీ ఊరికీ మధ్య రెండంతస్తుల ఫ్లైఓవర్ ఉండేది, భూకంపంలో దెబ్బతింటే బాగుచేయకుండా 1991లో కూల్చేశారు, ట్రాఫిక్ ఆగిపోతుందని అరిచారు, ఏం ఆగలేదు.

పటాల_పిచ్చోడు

పెర్ల్ స్ట్రీట్ చూశా, రెండు మ్యాపులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశా, మతి పోయింది. అంటే ఒక ఊరికి నది మట్టి తెచ్చి పోసింది, ఒక ఊరు బోర్లతో తనే దిగింది, ఇంకో ఊరు తనే నీళ్ళలోకి నడిచింది, వీటన్నిటి మీద సముద్రం కూడా మెల్లగా పెరుగుతోంది. సరే ఆఖరి ప్రశ్న, స్వార్థం అనుకోండి. తీరానికి దగ్గర్లో ఇల్లు తీసుకుందామని మా కజిన్ తిరుగుతున్నాడు, ఎక్కడైనా సరే, ఏం అడగాలి వాడు? బ్రోచర్‌లో సీ వ్యూ తప్ప ఏం లేదు.

కొలతబద్ద

వ్యూ వదిలేసి కింద చూడమనండి. సముద్ర మట్టం నుంచి ఆ వీధి ఎత్తు ఎంత, బిల్డింగ్ ఎత్తు కాదు వీధి ఎత్తు, ఎందుకంటే ఇల్లు పైనున్నా లిఫ్టు, కరెంటు ప్యానెల్, సంపు, కారు అన్నీ కిందే ఉంటాయి. యాభై వందేళ్ళ కిందటి మ్యాప్‌లో ఆ చోట నేల ఉందా, మడ అడవి ఉందా, నీళ్ళున్నాయా. మునిసిపల్ నీళ్ళు వస్తాయా, బోరా, బోరైతే నీళ్ళలో ఉప్పు టెస్ట్ చేయించమనండి, ఎండాకాలం చివర్లో చేయిస్తే అసలు రంగు తెలుస్తుంది. చుట్టుపక్కల పాత బిల్డింగుల మెట్ల దగ్గర చూడమనండి, పైల్స్ (లోతుకి దింపిన పునాది స్తంభాలు) మీదున్న బిల్డింగ్ అలాగే ఉండి చుట్టూ నేల దిగితే మొదటి మెట్టుకీ నేలకీ మధ్య సందు వస్తుంది, తర్వాత ఇంకో మెట్టు అతికించి ఉంటారు, సిమెంట్ రంగు తేడాగా ఉంటుంది. వీలైతే అమావాస్యకో పౌర్ణమికో పోటు టైమ్ చూసుకుని వెళ్ళమనండి, వీధి చివర డ్రెయిన్ దగ్గర నిలబడి నీళ్ళు ఎటు పారుతున్నాయో చూస్తే చాలు, బ్రోకర్ని ఏమీ అడగక్కర్లేదు.

బోరుబావి_బాబాయ్

ఒడ్డు ఇసుక దిబ్బలు, మడ అడవులు ఇంకా ఉన్న దిక్కు చూస్కోమను. అవి కొట్టేసి కట్టిన లేఅవుట్ అయితే పైసలు వాపస్ అడుగమను.